ఐసీటీసీ గదిలో ఒక పూట

ప్రభుత్వాసుపత్రి గేటు దగ్గర "ఎక్స్‌రే ఎటండీ?", "కళ్ళ డాక్టరు గారు ఏ గదిలో కూర్చుంటారండీ?" అని అడిగేవాళ్ళు కోకొల్లలు. ఐసీటీసీ ఎక్కడని గట్టిగా అడిగేవాళ్ళు మాత్రం కనబడరు. ఆ ఇబ్బంది తెలిసే కాబోలు గోడ మీద ఎర్ర రిబ్బను గుర్తు, పక్కన ఒక బాణం వేసి ఉంచారు. బాణం పట్టుకుని పోతే గర్భిణుల ఓపీ దాటాక, మందులిచ్చే కిటికీకి ఎదురుగా రెండు గదులు. ఒకటి మాట్లాడే గది, రెండోది రక్తం తీసే గది. సమగ్ర సలహా, పరీక్షా కేంద్రం అన్న పూర్తి పేరు బోర్డు మీద ఉంది గానీ ఆసుపత్రి మొత్తానికీ అది ఐసీటీసీయే. గోదావరి జిల్లాల్లోని ఏరియా ఆసుపత్రుల్లో ఒకటిది. ఊరి పేరు రాయనని, వచ్చేవాళ్ళెవరితోనూ మాట్లాడనని మాటిచ్చి లోపలికి వెళ్ళాను. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం పరీక్షకొచ్చిన మనిషి వివరం బయటపెట్టకూడదు. ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది.

నేను తెలుసుకోవడానికొచ్చింది ఒక్కటే. ఒంట్లో వేరే జబ్బులున్నా, వేరే మందులు వాడుతున్నా హెచ్ఐవీ పరీక్ష తప్పు చూపిస్తుందా?

కౌన్సెలర్‌ మేడమ్ నవ్వారు. "మీరొక్కరే కాదండీ, ఈ కుర్చీలో కూర్చున్న ప్రతి ఇద్దరిలో ఒకరు అదే అడుగుతారు. కాకపోతే రెండు దిక్కుల నుంచి అడుగుతారు." రియాక్టివ్ అని, అంటే కిట్‌లో గుర్తు పడిందని, ఎక్కడో చెప్పించుకుని వచ్చినవాళ్ళు, మొన్న టైఫాయిడ్‌కు వేసుకున్న ఇంజక్షన్ల వల్లే అలా వచ్చి ఉంటుందంటారట. లేదని రిపోర్టు వచ్చినవాళ్ళకు ఇంకో దిగులు. యాంటీబయోటిక్ వాడుతున్నాను కదా, ఆ వేడికి జబ్బు దాక్కుందేమోనని. మొదటివాళ్ళకు మందు జబ్బును పుట్టించినట్టు, రెండోవాళ్ళకు దాచేసినట్టు. ఒకే మాత్ర రెండు పనులూ ఎలా చేస్తుందని ఎవరూ అడగరు. భయానికి తర్కంతో పనేముంది!

కొందరు తమ మందులన్నీ ప్లాస్టిక్ కవర్లో పోసుకొచ్చి టేబుల్ మీద కుమ్మరిస్తారట. బీపీ మాత్ర, షుగరు మాత్ర, గ్యాస్ మాత్ర, కీళ్ళనొప్పుల మందు, థైరాయిడ్‌ది, ఆయుర్వేదం పొట్లం, ఆర్ఎంపీ గారు సగం కత్తిరించి ఇచ్చిన పేరు లేని స్ట్రిప్పు. ఒక్కొక్కటే చూపించి "దీనివల్ల తేడా వస్తుందా మేడమ్?" అంటారు. మేడమ్ ఒక్కొక్కదానికీ ఓపిగ్గా రాదనే చెబుతారు. ముందురోజు మందు తాగాను, రిపోర్టు తిరగబడుతుందా అని అడిగే మగవాళ్ళూ, నెలసరిలో ఉన్నాను, రక్తం ఇవ్వొచ్చా అని అడిగే ఆడవాళ్ళూ ఉంటారు. తిరగబడదు, ఇవ్వొచ్చు. పరగడుపున రానక్కర్లేదు, వాడే మాత్ర ఆపనక్కర్లేదు. అన్నిటికంటే ఆమెను భయపెట్టేది, పరీక్షకు వస్తూ బీపీ మాత్ర మానేసి వచ్చేవాళ్ళు. ఆ పూట వాళ్ళకు వచ్చే ముప్పు హెచ్ఐవీది కాదు.

ఎందుకు తేడా రాదో అర్థం కావాలంటే పక్కగదిలోకి వెళ్ళాలి.

ల్యాబ్ టెక్నీషియన్ కుర్రాడేమీ కాదు, పనిలో తల పండినవాడు. ఫ్రిజ్ తలుపు మీద ఒక చార్టు అతికించి ఉంది. అందులో పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి ఉష్ణోగ్రత రాసి సంతకం పెట్టాలి. రెండుకూ ఎనిమిదికీ మధ్య ఉండాలి. మా జిల్లాల్లో మే నెల కరెంటు సంగతి తెలిసిందే కదా, ఆ చార్టులో నాకు కనబడింది సంతకాలు కాదు, ఒక మనిషి నిత్య ఆందోళన. కిట్ బయటికి తీశాక వెంటనే వాడకూడదు, గది వేడికి రానివ్వాలి. చల్లటి కిట్ మీద రక్తం వేస్తే పరీక్ష జరగాల్సిన తీరున జరగదు.

ఎవరి రక్తమూ కాని, ముందే ఫలితం తెలిసిన కంట్రోల్ నమూనాతో ఆయన నాకు పరీక్ష చేసి చూపించాడు. అరచేతిలో పట్టే చిన్న తెల్లని ప్లాస్టిక్ పెట్టె, మధ్యలో గుండ్రటి తెల్లటి పొర. ఆ పొర మీద వైరస్ ప్రొటీన్ల ముక్కలను కంటికి కనబడని చుక్కలుగా ముందే అద్ది పెట్టి ఉంచారు. హెచ్ఐవీ-1కు ఒకచోట, హెచ్ఐవీ-2కు మరోచోట, పైన కంట్రోల్ చుక్క. బఫర్ అనే ద్రవం చుక్కలు వేసి పొరను తడిపాడు. సీరం చుక్క వేశాడు, ఇంకింది. మళ్ళీ బఫర్‌తో కడిగాడు. తర్వాత రంగున్న ద్రవం వేసి ఇంకోసారి కడిగాడు. నిమిషాల్లో పొర మీద గులాబీ రంగు చుక్కలు తేలాయి. "పై చుక్క రాకపోతే కిట్ చచ్చిందని లెక్కండీ. కింద ఏమొచ్చినా నమ్మకూడదు, పారేసి మళ్ళీ చెయ్యాల్సిందే" అన్నాడు.

ఆ చుక్క వైరస్‌ది కాదు. వైరస్ వచ్చినప్పుడు దాన్ని పట్టుకోవడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలది. నెత్తుట్లో అవి ఉంటే పొర మీది ప్రొటీన్‌ను పట్టుకుని వదలవు, మిగతావన్నీ బఫర్‌తో కొట్టుకుపోతాయి. పారాసిటమాల్‌కు గానీ అమాక్సిసిలిన్‌కు గానీ ఆ ప్రొటీన్‌తో చుట్టరికం లేదు. నెత్తుట్లో ఎంత మందున్నా అది కడుగుడులో పోయేదే. మాత్ర యాంటీబాడీని పుట్టించలేదు, ఉన్నదాన్ని ఒక రాత్రిలో తుడిచెయ్యలేదు. కౌన్సెలర్ గారి "రాదండీ" వెనక ఇంత కథ ఉంది.

మరి వేరే జబ్బుల సంగతో? ఇక్కడ జవాబు అంత సాఫీగా లేదు. వాటివల్ల అసలు తేడా రాదని చెబితే అబద్ధమవుతుంది.

మన ఒంట్లో తయారయ్యే కోట్ల యాంటీబాడీల్లో వేరే శత్రువు కోసం పుట్టి, అనుకోకుండా ఈ ప్రొటీన్‌కు కూడా కొంచెం అతుక్కునేవి అరుదుగా ఉంటాయి. లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటి జబ్బుల్లో శరీరం తన మీదకే యాంటీబాడీలను తయారు చేస్తుంది. మలేరియా, ఆఫ్రికాలోని నిద్రజబ్బు లాంటివి రోగనిరోధక వ్యవస్థను విచ్చలవిడిగా రెచ్చగొట్టి రకరకాల యాంటీబాడీలను కుప్పలుగా పోస్తాయి. అప్పుడు గులాబీ చుక్క పొరపాటున తేలవచ్చు. 1994లో వెలువడిన, కాంగోలోని కుష్టు రోగుల మీద చేసిన అధ్యయనంలో, కుష్టు క్రిమిపై పుట్టిన యాంటీబాడీలు హెచ్ఐవీ ప్రొటీన్లకు కూడా అతుక్కోవడం చూశారు. 1991లో అమెరికాలో ఫ్లూ టీకా వేసుకున్న కొందరు రక్తదాతలకు అప్పటి కిట్లలో తప్పుడు రియాక్టివ్‌లు వచ్చాయి.

ఈ రకం ఉదాహరణల్లో నాకు బాగా నచ్చింది ఆస్ట్రేలియాది. కోవిడ్ రోజుల్లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం, సీఎస్ఎల్ కంపెనీ కలిసి ఒక టీకా తయారు చేశాయి. కరోనా ప్రొటీన్ విడిపోకుండా బిగించి పట్టుకోవడానికి హెచ్ఐవీలోని జీపీ41 ప్రొటీన్ ముక్కను వాడారు. ఆ ముక్కతో ఎవరికీ జబ్బు రాదు, అందులో వైరస్ లేదు. కానీ మొదటి దశలో పాల్గొన్న 216 మందిలో టీకా పొందినవాళ్ళ ఒంట్లో ఆ ముక్కకూ యాంటీబాడీలు పుట్టాయి, హెచ్ఐవీ పరీక్షల్లో తప్పుడు రియాక్టివ్‌లు రావడం మొదలైంది. 2020 డిసెంబరు 11న ప్రయోగం ఆపేశారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం అప్పటికే 5.1 కోట్ల డోసులకు ఒప్పందం చేసుకుంది. టీకా రోగనిరోధక స్పందనను బాగానే పుట్టిస్తోందనీ, అయినా దేశం మొత్తం మీద హెచ్ఐవీ పరీక్షల మీద నమ్మకాన్ని పణంగా పెట్టలేమనీ వదిలేశారు. పరీక్ష అంటే ఒక దేశానికి ఎంత విలువో ఆ ఒక్క నిర్ణయం చెబుతుంది.

గర్భిణుల ఓపీ ఈ గదికి ఆనుకునే ఉంది కదా, "కడుపుతో ఉంటే తప్పుడు పాజిటివ్ వస్తుందట కదా" అన్న మాట మేడమ్ చెవిన రోజూ పడుతుంది. ఈ మాటకు పుట్టుక ఉంది. 1985 మార్చిలో అమెరికాలో మొదటి హెచ్ఐవీ పరీక్షకు అనుమతి వచ్చినప్పుడు, కిట్ కోసం వైరస్‌ను మనిషి తెల్లకణాల్లో పెంచేవారు. ఎంత శుభ్రం చేసినా ఆ కణాల తాలూకు ప్రొటీన్లు కొన్ని వైరస్‌తో పాటు కిట్‌లోకి వచ్చేవి. బిడ్డను మోసిన తల్లి ఒంట్లో, బిడ్డలోని తండ్రి వైపు కణ గుర్తులకు యాంటీబాడీలు పుట్టడం మామూలే. నలుగురైదుగురు పిల్లల్ని కన్నవాళ్ళలో మరీ ఎక్కువ. రక్తం ఎక్కించుకున్నవాళ్ళలోనూ అంతే. ఆ యాంటీబాడీలు కిట్‌లోని కణ వ్యర్థాన్ని పట్టుకుంటే యంత్రం హెచ్ఐవీ అనుకునేది. తర్వాత ల్యాబుల్లో విడిగా తయారు చేసిన వైరస్ ప్రొటీన్ ముక్కలు వచ్చాయి, కణాలతో పని లేకుండా పోయింది. కారణం పోయి చాలా కాలమైనా మాట మాత్రం మిగిలింది. 1990ల్లో, ఎయిడ్స్‌కు హెచ్ఐవీ కారణమే కాదని వాదించినవాళ్ళు ఇలాంటి పాత సంగతులన్నీ పోగేసి, తప్పుడు పాజిటివ్‌కు అరవై డెబ్భై కారణాలంటూ జాబితా తిప్పారు. జలుబు దగ్గర్నుంచి అందులో లేనిది లేదు. మన ఫోన్లలో తిరిగే జాబితాలకు తాతలాంటిదది.

గర్భిణుల్లో ఇప్పటికీ తప్పుడు రియాక్టివ్ ఎక్కడో ఒకటి వస్తుంది. అయితే దాని వెనక గర్భం కంటే లెక్క పాత్రే ఎక్కువ. టెక్నీషియన్ ఒక పాత రిజిస్టరు వెనక పేజీలో ఆ లెక్క వేసి చూపించాడు. నేను కాస్త సవరించి ఇక్కడ పెడుతున్నాను.

2021 అంచనాల ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో హెచ్ఐవీ ఉన్నవాళ్ళు 0.21 శాతం. లక్షమందిని పరీక్షిస్తే 210 మందన్నమాట. కిట్ చాలా మంచిది, జబ్బు లేనివాళ్ళలో నూటికి 99.5 మందిని సరిగ్గా లేదనే చెబుతుంది అనుకుందాం. మిగతా అరశాతం? జబ్బు లేని 99,790 మందిలో అరశాతమంటే దాదాపు 500 మంది. వీళ్ళకు లేకపోయినా చుక్క పడుతుంది. అంటే మొదటి కిట్‌లో చుక్క పడ్డ ఏడువందల పైచిలుకులో నిజంగా ఉన్నవాళ్ళు మూడోవంతు కూడా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది అంచనా 0.67 శాతం. ఆ లెక్కన వేసినా చుక్క పడ్డవాళ్ళలో నూటికి నలభై మందికి పైగా ఏమీ లేనివాళ్ళే. కిట్ తప్పు కాదిది. అరుదైన దాన్ని వెతికే ఏ పరీక్షకైనా తప్పని లెక్క. లూపస్సూ లేదు, మలేరియా లేదు, ఏ మందూ వాడలేదు, అయినా మరి నాకెందుకు వచ్చిందని అడిగేవాళ్ళకు చాలాసార్లు ఇదే జవాబు.

అందుకే మూడు కిట్లు. బల్ల మీద వరుసగా పెట్టి చూపించాడు. ఒకటి ఇందాకటి తెల్ల పెట్టె. ఒకటి అచ్చం దువ్వెనే. పళ్ళ చివర చుక్కలుంటాయి, గుంటల్లో ముంచి తీయాలి. ఇంకొకటి గీతలు పడే కార్డు. మూడూ వేర్వేరు కంపెనీలవి, వేర్వేరు పద్ధతులవి, లోపలి ప్రొటీన్ ముక్కలు కూడా ఒకటి కావు. పోస్ట్‌మ్యాన్ ఊళ్ళోకి కొత్తగా వస్తే వెంకటేశ్వరరావు గారి ఇల్లెక్కడని అడిగి పార్శిల్ ఇచ్చెయ్యడు. ఇంటి పేరు అడుగుతాడు, తండ్రి పేరు అడుగుతాడు. మూడూ కలిస్తేనే ఇస్తాడు. పేరొక్కటి కలిసే వెంకటేశ్వరరావులు వీధికొకరుంటారు గానీ మూడూ కలిసే మనిషి ఇంకొకడు దొరకడం కష్టం. మలేరియా వల్ల పుట్టిన యాంటీబాడీ మొదటి కిట్‌ను మోసగించవచ్చు. వేరే ముక్కలున్న రెండోదాన్నీ, మూడోదాన్నీ కూడా మోసగించడం దాదాపు జరగదు.

మొదటి కిట్‌లో చుక్క పడకపోతే అక్కడితో ఆపి, లేదని రిపోర్టిస్తారు. పడితే మిగతా రెండూ చేస్తారు. మూడింటిలోనూ పడితేనే పాజిటివ్ అన్న మాట ఈ గది దాటుతుంది. మొదటి రెండు కలిసి మూడోది కలవకపోతే, తేలలేదని రాసి రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్ళీ రమ్మంటారు. ఆ వారాల్లో మనిషి పడే యాతన చూడలేమని మేడమ్ అన్నారు. ఆమె చేయగలిగింది ఫోనులో దొరకడం, ఇంకా ఏమీ తేలలేదు అన్నదాన్ని విసుక్కోకుండా ఎన్నిసార్లయినా చెప్పడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో, జబ్బు తగ్గుముఖం పట్టిన కొద్దీ తప్పుడు రియాక్టివ్‌ల వాటా పెరుగుతుంది కాబట్టి అన్ని దేశాలూ మూడు పరీక్షల పద్ధతికి రావాలని సూచించింది. మనవాళ్ళు లక్షణాలు లేనివారికి అంతకు చాలా ముందు నుంచే మూడు చేస్తున్నారు.

బయట జరుగుతున్నది వేరు. ఆపరేషన్‌కు ముందు, కాన్పుకు ముందు చిన్న చిన్న ల్యాబుల్లో ఒక్క కార్డు వేసి, గీత పడగానే వరండాలోనే చెప్పేసిన కథలు మేడమ్ దగ్గర చాలా ఉన్నాయి. అలా చెప్పించుకుని, అత్తగారింట్లో మాటలు పడి, పుట్టింటికి చేరి, ఎవరో చెబితే ఇక్కడికొచ్చిన అమ్మాయికి మొదటి కిట్‌లో పడలేదు, మేడమ్ అడిగి చేయించిన మిగతా రెండింట్లోనూ పడలేదు. రిపోర్టు చేతిలో పెడితే ఆ పిల్ల సంతోషపడలేదట. ఇంట్లోవాళ్ళు దీన్ని నమ్ముతారా అని అడిగిందట. బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చేవాళ్ళదీ దాదాపు ఇదే దారి. అక్కడ అనుమానం ఉన్న రక్తం ఎవరికీ ఎక్కించకూడదు కాబట్టి ఒక్క పరీక్షలో తేడా వచ్చినా దాన్ని పారేస్తారు. అది రక్తం గురించిన నిర్ణయమే గానీ దాత గురించిన తీర్పు కాదు. ఈ తేడా దాతకు చెప్పకుండా పంపితే మాత్రం అది అన్యాయం.

మధ్యాహ్నానికి రద్దీ తగ్గింది. నాకూ చేయమన్నాను. మేడమ్ ముందు కూర్చోబెట్టి, పరీక్ష ఎందుకో, ఏ ఫలితానికి అర్థమేమిటో వివరించి సంతకం తీసుకున్నారు. పేరు బదులు ఒక నంబరిచ్చారు. రోజూ బీపీ మాత్ర వేసుకుంటానని, కడుపులో మంటకు ఇంకొకటి వాడతానని చెబితే రాసుకోలేదు. "ఇక్కడ అవసరం లేదండీ" అన్నారు. జుట్టు రాలుతోందని ఏమైనా మందులు వాడుతున్నారా అని మాత్రం టెక్నీషియన్ నా తల వంక చూస్తూ అడిగాడు. ఎగతాళి అనుకున్నాను, కాదు. జుట్టుకూ గోళ్ళకూ అమ్మే మాత్రల్లో బయోటిన్ మోతాదు విపరీతంగా ఉంటుంది. పెద్ద ల్యాబుల యంత్రాల్లో కొన్ని పరీక్షలు బయోటిన్‌ను అంటుకునే గుణం మీదే ఆధారపడి నడుస్తాయి. నెత్తుట్లో అది మరీ ఎక్కువైతే యంత్రం తికమకపడుతుంది. 2017 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. ఆ పద్ధతి వాడని కార్డు కిట్లకు ఈ బెడద లేదు. పెద్ద ల్యాబుకు పోయేవాళ్ళు ఏ పరీక్షకైనా సరే ఈ మాత్ర సంగతి చెబితే మంచిది. బజార్లో దొరికే మందుల్లో చెప్పుకోదగ్గ మినహాయింపు నాకు కనబడింది ఇదొక్కటే.

కాసేపట్లో నా తెల్ల పొర మీద పై చుక్క ఒక్కటే తేలింది.

అయితే లేదన్న ఫలితాన్ని తప్పు చేసే సంగతులు నిజంగా కొన్ని ఉన్నాయి. మొదటిది కాలం. వైరస్ సోకిన మర్నాడే యాంటీబాడీలు పుట్టవు. ఈ కిట్లు పట్టడానికి మూడు వారాల నుంచి మూడు నెలలు పట్టవచ్చు. వైరస్‌లోని పీ24 ప్రొటీన్‌ను కూడా వెతికే ల్యాబు పరీక్షలకు పద్దెనిమిది నుంచి నలభై అయిదు రోజులు, వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే వాటికి పది నుంచి ముప్పై మూడు రోజులు. ఈ మధ్య కాలాన్ని ఇక్కడ విండో పీరియడ్ అనే అంటారు. యాంటీబయోటిక్ దాచేసిందేమోనని దిగులుపడేవాళ్ళలో చాలామంది అసలు అడగాల్సింది సోకే అవకాశం ఏ రోజున కలిగిందనే. తేదీ చెప్పడానికి నామోషీ, మాత్ర గురించి అడగడానికి ఉండదు. మేడమ్ మాత్రల కవరు ముడి వేసి పక్కన పెట్టి, మెల్లగా తేదీ దగ్గరికి తీసుకొస్తారు.

రెండోది మందే. మామూలు మందు కాదు, హెచ్ఐవీ మీద పనిచేసే మందు. నర్సుకు సూది గుచ్చుకుంటే 72 గంటల్లోగా మొదలుపెట్టి 28 రోజులు మాత్రలిస్తారు. సోకకుండా ముందే వాడే మాత్రలు, రెండు నెలలకోసారి వేసే కాబోటెగ్రావిర్ సూదిమందు కూడా ఉన్నాయి. ఇవి వాడుతుండగా ఎవరికైనా వైరస్ సోకితే, మందు దాన్ని పెరగనివ్వదు. వైరస్ తక్కువగా ఉంటే యాంటీబాడీలూ నెమ్మదిగా, పలచగా పుడతాయి. చుక్క ఆలస్యంగా పడుతుంది, ఒక్కోసారి పడీ పడనట్టు ఉంటుంది. సూదిమందు వాడినవాళ్ళలో ఈ ఆలస్యం నెలల్లో ఉండటం ప్రయోగాల్లోనే కనబడింది. అందుకే నర్సులను మాత్రలు అయిపోగానే చేసిన ఒక్క పరీక్షతో వదలరు, నెలల తరబడి మళ్ళీ మళ్ళీ పిలుస్తారు. పరీక్ష గదిలో దాచకుండా చెప్పాల్సిన మందేదైనా ఉంటే అది ఇదే.

మూడోది అరుదు. యాంటీబాడీలను తయారు చేసే శక్తే ఒంట్లో లేకపోవడం. పుట్టుకతోనే ఆ లోపం ఉన్నవాళ్ళు, రిటుక్సిమాబ్ లాంటి మందులతో ఆ కణాలు తుడిచిపెట్టుకుపోయినవాళ్ళు, ఎముక మజ్జ మార్పిడి అయినవాళ్ళు, ఎయిడ్స్ బాగా ముదిరి ఒళ్ళు చేతులెత్తేసినవాళ్ళు. వీళ్ళలో చుక్క రాకపోయినా డాక్టరుకు అనుమానం ఉంటే నేరుగా వైరస్‌నే వెతకాలి. పసిపిల్లలది దీనికి తిరగేసిన కథ. తల్లి యాంటీబాడీలు బిడ్డలో పద్దెనిమిది నెలల దాకా ఉండొచ్చు. జబ్బు లేని బిడ్డకూ చుక్క పడుతుంది. అందుకని ఆరు వారాల వయసులో మడమ నుంచి తీసిన రక్తపు బొట్లను దళసరి కాగితం మీద ఆరబెట్టి, వైరస్ జన్యుపదార్థం కోసం పెద్ద ల్యాబుకు పంపుతారు. ఆ కాగితం చూపించాడు, అయిదు గుండ్రాలున్న చిన్న అట్టముక్క.

"ఇన్ని చెప్పుకున్నాం గానీ సార్," అన్నాడు టెక్నీషియన్ చేతి తొడుగులు తీస్తూ, "నా అనుభవంలో రిపోర్టు తప్పేది రోగి మందుల వల్ల కాదు, మన చేతుల వల్ల." ఇద్దరి ట్యూబులకు లేబుళ్ళు తారుమారవడం. పావుగంటలో చూడాల్సిన కార్డును టీ తాగొచ్చి గంటకు చూడటం. అప్పటికి ఆరిపోయి లేని గీత ఉన్నట్టు కనబడుతుంది. గడువు దాటిన కిట్, మసక వెలుతురు. రక్తకణాలు పగిలి ఎర్రబడ్డ సీరం. ఇవన్నీ జరగకుండా కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా తెలిసిన నమూనాలతో సరిచూస్తాడు. రాష్ట్రస్థాయి ల్యాబు నుంచి ఫలితం చెప్పకుండా నమూనాలు పంపి ఇతన్నే పరీక్షిస్తారు. ఇక్కడివి కొన్ని అక్కడికి వెళ్ళి మళ్ళీ పరీక్షకు నిలబడతాయి. రోగి తన మాత్రల కవరు తెచ్చి అడిగే ప్రశ్నకు బదులు, ఇక్కడ ఎన్ని కిట్లతో చేస్తారని ల్యాబును అడిగితే ఎక్కువ మేలు.

వెళ్ళే ముందు ఆవరణలో వెనకవైపున్న ఏఆర్‌టీ కేంద్రానికి తీసుకెళ్ళారు. పాజిటివ్ అని తేలినవాళ్ళకు మందులిచ్చేది ఇక్కడే. ఇక్కడి తికమక ఇంకో రకం. మందు బాగా పనిచేస్తే వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ కనబడలేదని వస్తుంది. దాన్ని చూసి జబ్బు పోయిందనుకుని, బయట ల్యాబులో కార్డు పరీక్ష చేయించుకుని, గీత పడేసరికి కుప్పకూలేవాళ్ళున్నారు. వైరస్ అణిగినా యాంటీబాడీలు ఉంటాయి, గీత పడుతూనే ఉంటుంది. ఎక్కడో ఒకరికి, సోకిన తొలిరోజుల్లోనే మందు మొదలుపెట్టినవాళ్ళకు, గీత పలచబడి మాయమూ కావచ్చు. అప్పుడు అది నాటుమందు మహిమ అని ఎవరో డబ్బు చేసుకుంటారు. మందు ఆపితే వైరస్ వారాల్లో తిరిగొస్తుంది. వైద్యం మీద ఉన్నవాళ్ళు మళ్ళీ ఈ కిట్లతో పరీక్ష చేయించుకోవడంలో అర్థం లేదని ఫార్మసిస్టు గారు తేల్చేశారు.

ఫార్మసీ కిటికీ దగ్గర నేను నిలబడి ఉండగా ఆయన ఒక్కొక్కరినీ వాడే ఇతర మందులన్నీ చెప్పమని గుచ్చి గుచ్చి అడుగుతున్నారు. పరీక్ష గదిలో అక్కర్లేదన్న జాబితా ఇక్కడ ప్రాణం. ఇప్పుడిచ్చే మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసి ఉంటాయి. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందు పక్కపక్కనే తాగితే డోలుటెగ్రావిర్ ఒంటికి పట్టదు. ఆ గ్యాస్ మందుకు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో ఈ మాత్ర వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ రోజుకు ఒకసారి కాదు, రెండుసార్లు కావాలి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ స్థాయి రక్తంలో పెరిగిపోతుంది కాబట్టి రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటనివ్వరు. ఐరన్, కాల్షియం మాత్రలయితే అన్నంతో కలిపి వేసుకోవచ్చు, పరగడుపున మాత్రం కలపకూడదు. ఇవన్నీ ఆయన చార్టు చూడకుండా చెబుతున్నారు.

కిటికీ ముందున్న పెద్దాయన "గ్యాస్‌కు ఏదో సీసా మందు తాగుతున్నానండి" అన్నాడు.

"రంగేంటి? గులాబీయా, తెలుపా? ఎన్నింటికి తాగుతారు? సీసా ఉంటే రేపు తీసుకురండి" అని, ఆయన కవరు మీద ఎర్ర పెన్నుతో టైము రాసిచ్చి, తర్వాతి వాళ్ళను పిలిచారు.